దీవిలో వేసవి కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఐర్లండు నైరుతి మూలన, కెర్రీ తీరానికి ఎదురుగా ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ అనే చిన్న దీవిని ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు చూసుకోవడానికి ఏటా ఇద్దరిని నియమిస్తారని కిందటి సంచికలో నాలుగు వాక్యాల వార్త ఒకటి వేశాము. పెద్ద పెద్ద వ్యాసాలకు రాని ఉత్తరాలు ఆ చిన్న వార్తకు వచ్చాయి. పలువురు ఒకే సంగతి అడిగినప్పుడు వాటిలో ఒక ఉత్తరాన్నే తీసుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ దీవికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేనూ మావారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. రద్దీ, ఫోను మోతలు లేని చోట ఒక ఆరు నెలలు ఉండి రావాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాము. ఆ దీవిలో ఎవరూ స్థిరంగా నివసించరని మీరే రాశారు కదా, మరి అక్కడ ఆ ఇద్దరికీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం పని ఉంటుంది? చదువుకోవడానికీ రాసుకోవడానికీ తీరిక దొరుకుతుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: స్థిరనివాసులు లేరన్నది నిజమే. కానీ జనమే రాని చోట సంరక్షకులతో పనేమిటమ్మా? జనం వస్తారు కాబట్టే ఆ ఇద్దరి అవసరం పడింది. వాతావరణం అనుకూలించిన రోజున డన్‌క్విన్ రేవు నుంచీ, డింగిల్ పట్టణం నుంచీ, వెంట్రీ నుంచీ పడవలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చలిగాలిలో అలల మీద ఊగుతూ వచ్చి, రేవు నుంచి ఊరిదాకా ఎత్తు ఎక్కిన వారికి ముందుగా కావలసింది వేడి టీ. దీవి మొత్తానికి ఉన్నది ఒకే ఒక కాఫీ దుకాణం. దానిని నడిపేది ఈ సంరక్షకులే. వారి బస కూడా ఆ దుకాణం పై అంతస్తులోనే. అంటే కింద కస్టమర్ల మాటలు మొదలైతే పైన నిద్ర ముగిసినట్టే.

కాఫీ దుకాణం సగం పని. మిగతా సగం అద్దె ఇళ్లు. ఒకప్పటి గ్రామంలోని కొన్ని ఇళ్లను బాగుచేయించి, రాత్రి బస చేయదలచిన వారికి అద్దెకు ఇస్తారు. నిన్న రాత్రి ఉన్నవారు వెళ్లే పడవకూ, ఈ రాత్రి ఉండబోయేవారు వచ్చే పడవకూ మధ్య దొరికే కొద్ది గంటలలో ఆ ఇళ్లన్నీ సిద్ధం కావాలి. పొయ్యిలోని బూడిద ఎత్తి, కొత్తగా బొగ్గు పేర్చి, దుప్పట్లు మార్చి, కారి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనాన్ని బల్లల మీద నుంచి గీకి, గిన్నెలు కడిగి, తడి బూట్లతో తిరిగినవారు వదిలి వెళ్లిన ఇసుకను మూలమూలలా ఊడ్చాలి. ఇంటి పనిని తేలిక చేసే యంత్రమేదీ అక్కడ నడవదు, ఎందుకంటే కరెంటు లేదు. దుప్పట్ల మూటలు కొండవాలు దిగి, పడవెక్కి, తీరానికి వెళ్లి, ఉతికించుకుని, మళ్లీ అదే దారిన పైకి రావాలి. ఇద్దరిలో ఒకరు ఈ పనిలో ఉంటే రెండోవారు కౌంటరు వదిలి కదలడానికి వీలుండదు. ఇద్దరిని తీసుకోవడానికి కారణం ఇదే తప్ప, ఒకరికొకరు తోడుగా ఉంటారన్న జాలి కాదు.

కొత్తగా వచ్చిన అతిథులను ఇంటిదాకా తీసుకువెళ్లి, పొయ్యి ఎలా వెలిగించాలో, తలుపు ఎందుకు మూసి ఉంచాలో చెప్పడం కూడా వీరి పనే. తలుపు సంగతి ఎందుకంటారా? దీవి మీద గొర్రెలు మేస్తాయి. అవి తీరాన ఉన్న రైతులవి. తెరిచి ఉన్న తలుపును అవి ఆహ్వానంగానే భావిస్తాయి. కరెంటు స్విచ్చు వేస్తే దీపం వెలుగుతుందన్న అలవాటు చేతివేళ్లకు ఎంత గట్టిగా పట్టి ఉంటుందో, ఊరి నుంచి వచ్చిన అతిథికి కొవ్వొత్తి, అగ్గిపెట్టె చేతికిచ్చినప్పుడు తెలుస్తుంది. మొదటి రాత్రి పొయ్యి రాజేయలేక సంరక్షకుల తలుపు తట్టేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇక మీరు అడిగిన తీరిక. అది ఆఖరి పడవ వెళ్లాక మొదలవుతుంది. జూన్ మూడో వారంలో అక్కడ సూర్యుడు రాత్రి 10 దాటాక గానీ అస్తమించడు. కాబట్టి దుకాణం కట్టేసి, లెక్క చూసుకుని, తిని కూర్చున్నా ఇంకా రెండు మూడు గంటల వెలుగు మిగులుతుంది. తెల్ల ఇసుక తీరాన బూడిద రంగు సీల్స్ గుంపులుగా పడుకుని ఉంటాయి. వేసవిలో డాల్ఫిన్లు, అదృష్టం ఉంటే మింకే తిమింగలాలు కనిపిస్తాయి. దీవి పొడవు సుమారు 6 కిలోమీటర్లు, ఎత్తైన కొన 292 మీటర్లు. వెలుగు ఉన్నంతసేపూ దీవికి వెన్నెముకలాంటి ఆ కొండ మీద నడిచి రావచ్చు. ఈ సాయంత్రాల కోసమే చాలామంది ఆ కొలువు కోరుకుంటారు, ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ పగలంతా మనుషులతో నవ్వుతూ మాట్లాడే ఓపిక మీలో ఎవరికైనా తక్కువైతే, ఆ సాయంత్రం వేళకు చదవడానికి పుస్తకం తెరిచే శక్తి కూడా మిగలదు. మనుషుల నుంచి దూరంగా పోవాలన్నదే మీ కోరిక అయితే, ఇది మీకు తగిన ఉద్యోగం కాదని మా అభిప్రాయం. హోటలు నడపడం ఇష్టమై, హంగులు లేకపోయినా ఫరవాలేదనుకునే వారికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ప్రశ్న: కరెంటు లేకుండా ఆరు నెలలు గడపడం ఎలా సాధ్యం? వంట, స్నానం, ఫోను ఛార్జింగు, నీళ్లు, వీటి సంగతి వివరంగా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తీరం నుంచి దీవికి కరెంటు తీగ లేదు. చిన్న గాలిమర ఒకటి ఉంది; దాని నుంచి వచ్చే విద్యుత్తు ఫోన్లు, చిన్నపాటి పరికరాలు ఛార్జి చేసుకోవడానికి సరిపోతుంది. గాలికి అక్కడ కొరత ఉండదు గనుక ఆ ఏర్పాటు తెలివైనదే, కానీ దానితో నీళ్లు వేడి చేసుకోవాలనో, గది వెచ్చబెట్టుకోవాలనో అనుకోకూడదు. వెలుగుకు కొవ్వొత్తులు, టార్చి లైట్లు, వెచ్చదనానికి పొయ్యి, వంటకు గ్యాసు. నీళ్లు కొండ మీది ఊట నుంచి వస్తాయి, చల్లగానే వస్తాయి. వేడినీళ్లు కావాలంటే కెటిల్ పొయ్యి మీద పెట్టవలసిందే. బకెట్టులో వేడినీళ్లు, చన్నీళ్లు కలుపుకుని చెంబుతో పోసుకునే అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది కనుక, షవరు కింద తప్ప స్నానం ఎరుగని వారికంటే తెలుగువారు ఈ విషయంలో తొందరగా సర్దుకుంటారు.

అసలు ఇబ్బంది వాతావరణంతో వస్తుంది. దగ్గరలో ఉన్న వలెన్షియా వాతావరణ కేంద్రం లెక్కల ప్రకారం జూలైలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 18 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అట్లాంటిక్ మీది నుంచి వచ్చే మొదటి మేఘం ఆగేది ఈ కొండల మీదే, కనుక వాన ఏ నెలలోనైనా పడుతుంది. ఉన్ని బట్టలు, నీరు ఇంకని కోటు, మడమను గట్టిగా పట్టే బూట్లు ఏప్రిల్‌లో ఎంత అవసరమో జూలైలోనూ అంతే అవసరం. తడిసిన బట్ట ఆరడానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. పొయ్యి పక్కన దండెం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. సెప్టెంబరు చివరికి సూర్యాస్తమయం ఏడున్నర ప్రాంతానికి వచ్చేస్తుంది. జూన్‌లో పెట్టెలో పడి ఉన్న కొవ్వొత్తులు అప్పుడు లెక్కపెట్టుకుని వాడవలసి వస్తాయి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడిని. మనుషులు వదిలేసిన ఊరిని, కూలిన గోడలను చూడటానికి అంతమంది ఎందుకు వస్తారు? ఆ ఊరు ఎందుకు ఖాళీ అయింది? అక్కడివారు రచయితలని ఎక్కడో చదివిన గుర్తు.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివినది సరైనదే, మాస్టారూ. 1916లో ఆ దీవిలో 176 మంది ఉండేవారు. చేపలు, గొర్రెలు, బంగాళాదుంపలు, కొండ మీద తవ్వి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే పీట్ మట్టి, ఇవే వారి బతుకు. ఐర్లండులో చాలా చోట్ల ఇంగ్లీషు దెబ్బకు ఐరిష్ భాష వెనక్కు తగ్గిపోతున్న కాలంలో ఇక్కడ మాత్రం అది పిల్లల నుంచి ముసలివారి దాకా అందరి నోటా ఆడేది. ఆ భాష కోసమే పండితులు వచ్చారు: 1907లో నార్వే నుంచి కార్ల్ మార్‌స్ట్రాండర్, ఆ తరువాత బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రాబిన్ ఫ్లవర్, ఇంకొన్నాళ్లకు గ్రీకు పండితుడు జార్జ్ థామ్సన్. నేర్చుకోవడానికి వచ్చిన ఈ అతిథులు మీ జీవితాన్ని మీరే రాయండని ప్రోత్సహించారు. 1929 నుంచి 1936 వరకు, ఏడెనిమిదేళ్లలో ముగ్గురు దీవివాసుల ఆత్మకథలు అచ్చయ్యాయి. వారిలో తొమాస్ ఓ క్రిహన్ జాలరి. పెగ్ సేయర్స్ కథలు చెప్పడంలో పేరు మోసిన గృహిణి. ఆమె తన కథను చెబుతూ ఉంటే కొడుకు రాశాడు. ఆమె పుస్తకం ఐరిష్ బడులలో దశాబ్దాల తరబడి పాఠ్యగ్రంథంగా ఉండటం వల్ల, ఆమె పేరు వింటేనే పరీక్షలు గుర్తొచ్చి ముఖం చిట్లించే నడివయసు వారు ఆ దేశంలో కొల్లలు. పాఠ్యగ్రంథమైన పుస్తకానికి ఏ దేశంలోనైనా పట్టే గతి అదే కాబోలు.

వచ్చేవారిలో ఆ పుస్తకాలు చదివినవారుంటారు. అమెరికా నుంచి వచ్చేవారూ ఉంటారు. దీవి నుంచి వలసపోయిన కుటుంబాలు చాలా వరకు మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డాయి. వారి మనుమలు, మునిమనుమలు వచ్చి తమ తాతల ఇల్లు ఏదని అడుగుతారు. ఆ ఇంటికి ఒక్కోసారి నాలుగు గోడలు కూడా మిగిలి ఉండవు. దీవి చరిత్ర చెప్పడానికి ప్రభుత్వ ప్రజాపనుల శాఖ గైడ్లు వేసవిలో అక్కడే ఉంటారు కనుక సంరక్షకులు ఉపన్యాసాలు ఇవ్వనవసరం లేదు. అయినా, కౌంటరు దగ్గర టీ కోసం నిలబడిన మనిషి పెగ్ ఇల్లు ఎటు అని అడిగితే, తెలియదని చెప్పడం బాగుండదు. దరఖాస్తు పెట్టే ముందు ఆ పుస్తకాలలో ఒకటైనా చదివి వెళ్లమని మా సలహా; అన్నిటికీ ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. తీరాన డన్‌క్విన్‌లో ఈ దీవి కోసమే ఒక మ్యూజియం కూడా ఉంది.

ఊరు ఖాళీ కావడానికి కారణం ఒక్కటి కాదు. యువకులు అమెరికా వెళ్లిపోయారు, పెళ్లిళ్లు తగ్గాయి, బడి మూతపడింది, చేపలకు ధర పోయింది. నడుం బలం తగ్గిన ముసలివారు పడవ తెడ్లు వేయలేకపోయారు. 1946–47 చలికాలంలో సముద్రం తెరిపి ఇవ్వక, వైద్యుడు రాలేక, ఒక యువకుడు మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపుతో) చనిపోయాడు. 1947 ఏప్రిల్‌లో దీవివాసులు ప్రధానమంత్రి ఈమన్ డి వలేరాకు తంతి పంపారు: తుపానులో చిక్కుకున్నాం, తినడానికి ఏమీ లేదు, ఆహారం పంపండి అని దాని సారం. ఆ తరువాత ఆయన స్వయంగా దీవికి వచ్చి చూశారు. చివరకు మిగిలిన 22 మందిని తీరానికి తరలించడం 1953 నవంబరు 17న మొదలైంది. అంతా కలిపి కొద్ది కిలోమీటర్ల దూరమే. డన్‌క్విన్ పక్కన కట్టించిన ఇళ్ల గుమ్మాల నుంచి చూస్తే ఎదురుగా తమ ఊరే కనిపించేది.

ప్రశ్న: వైద్యుడు అందకనే ఊరు ఖాళీ అయిందంటున్నారు. మరి ఇప్పుడు అక్కడ ఉండేవారికి జబ్బు చేస్తే, తుపాను వస్తే ఏమిటి గతి? పడవ దిగడమే కష్టమని వీడియోలలో చూశాము.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మొదట పడవ సంగతి. దీవిలో పెద్ద పడవ ఆనుకునే రేవు లేదు. పెద్ద పడవ కొంత దూరంలో ఆగుతుంది. అక్కడి నుంచి మనుషులనూ సామానునూ చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు చేరుస్తారు. ఒడ్డు అంటే రాళ్ల మధ్య ఇరుకుగా ఉన్న ఒక కాంక్రీటు ఏటవాలు. అల లేచినప్పుడు పడవ అంచు ఏటవాలుతో సమానమవుతుంది, దిగినప్పుడు రెండు మూడు అడుగులు కిందికి పోతుంది. లేచిన క్షణాన పడవవాడు చెయ్యి పట్టుకుని ‘ఇప్పుడు’ అన్నప్పుడు అడుగు వేయాలి. ముందూ కాదు, వెనుకా కాదు. కాంక్రీటు మీద పాచి ఉంటుంది. గ్యాసు సిలిండరు, పాల డబ్బాలు, బొగ్గు బస్తాలు, అతిథుల సూట్‌కేసులు అన్నీ ఇలాగే దిగి, అక్కడి నుంచి నిటారు బాట మీద ఊరిలోకి చేరాలి. చక్రాల సూట్‌కేసుతో వచ్చిన అతిథికి ఆ బాట మొదట్లోనే సంగతి అర్థమవుతుంది. డన్‌క్విన్ వైపు కూడా సుఖమేమీ లేదు, కొండ అంచు నుంచి మెలికలు తిరుగుతూ దిగే కాంక్రీటు దారి చివర రేవు ఉంటుంది.

అల పెద్దదైతే పడవ రాదు. ఒకటి రెండు రోజులు రాకపోవడం వేసవిలో కూడా మామూలే. ఆ రోజుల్లో సంరక్షకుల పని తగ్గుతుందనుకోకండి. వెళ్లవలసిన అతిథులు ఆగిపోతారు, విమానం తప్పిపోతుందని కంగారు పడతారు, తెచ్చుకున్న తిండి అయిపోతుంది. రావలసినవారు తీరాన ఎదురు చూస్తుంటారు. పడవ ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అయినా ఆ ప్రశ్నను గంటకొకసారి విని, విసుగు లేకుండా టీ పోయడం ఉద్యోగంలో భాగం. రెండు మూడు రోజులకు సరిపడా పిండి, పప్పులు, టిన్నులు, కొవ్వొత్తులు ఎప్పుడూ నిల్వ ఉంచుకోవాలి.

ఆరోగ్యం విషయంలో 1947కూ ఇప్పటికీ పోలికే లేదు. వలెన్షియాలో లైఫ్‌బోటు కేంద్రం ఉంది, డింగిల్‌లో కోస్ట్‌గార్డు బృందం ఉంది, షానన్ నుంచి వారి హెలికాప్టరు వస్తుంది. ఫోను సిగ్నలు ఆటుపోట్లలా వచ్చి పోతున్నా, దొరికే చోటు ఏదో అక్కడున్నవారికి తెలిసే ఉంటుంది. పైగా సంరక్షకులు ఉండేది వేసవిలోనే, ప్రాణాలు తీసిన ఆ చలికాలాలలో కాదు. నిజంగా జాగ్రత్త పడవలసింది రోజువారీ చిన్న ప్రమాదాల గురించి: తడి గడ్డి వాలు మీద మడమ మెలిక పడటం, కంచె లేని కొండ అంచులు, వేడినీళ్లు చేతి మీద పడటం. ప్రథమ చికిత్సలో శిక్షణ పొంది వెళ్లడం మంచిది. రోజూ మందులు వాడేవారైతే, వారానికి సరిపడా మందులను విడిగా ఒక సంచిలో ఉంచుకోవాలి.

ప్రశ్న: నేను డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నేనూ నా స్నేహితుడూ కలిసి వచ్చే ఏడాది ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చా? ఇండియాలో ఉన్న మా అన్నయ్య, వదిన కూడా అడుగుతున్నారు.
— ఒక విద్యార్థి, డబ్లిన్

జవాబు: విద్యార్థిగా మీకు ఉన్నది స్టాంప్ 2 అనుమతి అయితే, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వారానికి 40 గంటలు, మిగతా కాలంలో (డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా తప్ప) వారానికి 20 గంటలు మాత్రమే పని చేయవచ్చు. దీవిలో కొలువు ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలలలో 20 గంటల పరిమితి దాటకుండా ఆ పని చేయడం జరగని పని. పైగా అవి మీ తరగతుల, పరీక్షల నెలలు. చదువు పూర్తయి స్టాంప్ 1జీ వచ్చాక సంగతి వేరు. మాస్టర్స్ చేసినవారికి అది 24 నెలల దాకా దొరుకుతుంది, పూర్తికాలం పని చేయవచ్చు. అయితే ఆ రెండేళ్లూ మీ చదువుకు తగిన ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన కాలమని గుర్తుంచుకోండి. అందులో ఆరు నెలలు టీ కాచడానికి వెచ్చించాలా వద్దా అన్నది మీరూ, మీ చదువుకు అప్పు తెచ్చిన మీ నాన్నగారూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

మీ అన్నయ్యకూ వదినకూ ఇండియా నుంచి నేరుగా అవకాశం లేనట్టేనని చెప్పండి. ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్‌కు కనీస వార్షిక వేతనం నిబంధన ఉంది. స్థానికులు దొరకలేదని యజమాని చాలా సందర్భాలలో నిరూపించుకోవాలి. వేల దరఖాస్తులు వచ్చే కొలువుకు అలా నిరూపించడం ఎలా కుదురుతుంది? క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరత ఉన్న నైపుణ్యాలకు ఇచ్చే పని అనుమతి) మీద ఐర్లండులో ఉద్యోగం చేస్తున్న తెలుగువారిలో, ఉద్యోగి ఆ యజమానికే కట్టుబడి ఉండాలి గానీ, భార్యకో భర్తకో స్టాంప్ 1జీ మీద స్వేచ్ఛగా పని చేసే వీలుంది. దాదాపు రెండేళ్ల తరువాత, పర్మిట్ లేకుండానే పని చేసుకోనిచ్చే స్టాంప్ 4 వస్తే ఇద్దరూ వెళ్లవచ్చు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక, దరఖాస్తుకు ముందు ఐరిష్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటు చూసుకోవాలి. వాట్సాప్ గ్రూపుల మాట నమ్మవద్దు.

ప్రశ్న: మేము శాకాహారులం. అక్కడ ఏం తిని బతకాలి? ఇక్కడి నుంచి పచ్చళ్లు, నెయ్యి పంపవచ్చా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: గ్యాసు పొయ్యి ఉన్న చోట అన్నం, పప్పు ఉడుకుతాయమ్మా. బియ్యం, కందిపప్పు, పోపు దినుసులు డబ్లిన్‌లోని మన దుకాణాలలో కొని సంచిలో వేసుకుని వెళ్లవచ్చు. బంగాళాదుంపలకు ఆ దేశంలో లోటు లేదు. తాజా కూరగాయలు, పాలు మాత్రం పడవ మీద రావలసిందే. సంరక్షకులకు బసతో పాటు భోజన సామగ్రి కూడా ఇస్తారు. ఏమి తెప్పించాలో యజమానులకు ముందే చెప్పుకుంటే సరిపోతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి నిక్షేపంగా పంపండి. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టవద్దు: యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం నిషేధం. విమానాశ్రయంలో నెయ్యి సీసా కనిపిస్తే తీసి పారేస్తారు. అక్కడి వెన్న చాలా మంచిది, కాచుకుంటే అరగంటలో నెయ్యి అవుతుంది.

ప్రశ్న: ఇలాంటి వేసవి కొలువులు వేరే దీవులలో కూడా ఉన్నాయా? మన తీరంలో?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉన్నాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కెన్నెబెక్ నది ముఖద్వారానికి ఎదురుగా ఉన్న సెగ్విన్ దీవి దీపస్తంభాన్ని వేసవి సంరక్షకులు చూసుకుంటారు. అక్కడి పని గడ్డి కోయడం, పడవలలో వచ్చినవారికి దీపస్తంభం చూపించడం. ఆస్ట్రేలియాలో టాస్మేనియాకు దక్షిణాన మాట్‌సైకర్ దీవిలో స్వచ్ఛంద సంరక్షకులు ఆరేసి నెలలు ఉంటారు, వారు వాతావరణ వివరాలు కూడా నమోదు చేస్తారు. ఏకాంతం కావాలన్న హైదరాబాదు పాఠకురాలికి నిజానికి అది నప్పుతుంది. ఇంగ్లండులోని ఫార్న్ దీవులలో నేషనల్ ట్రస్టు రేంజర్లు పక్షులు గూళ్లు పెట్టే కాలమంతా అక్కడే ఉండి పఫిన్లను లెక్కపెడతారు.

మన తీరంలో పరిస్థితి వేరు. కాకినాడ ఎదుట, గోదావరి మేట వేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ మీద మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. ఏడాది మొదటి నెలలలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టినప్పుడు వాటిని నక్కల నుంచీ కుక్కల నుంచీ కాపాడే పనిని అటవీశాఖ సిబ్బంది స్థానికులతో కలిసి చేస్తారు. ఆ దీవిని బాగా ఎరిగినవారు పక్కనే ఉండగా బయటి నుంచి జంటలను పిలవడమెందుకు? ఆ పద్ధతే సరైనదని మా అభిప్రాయం.

ప్రశ్న: ప్రకటన ఎప్పుడు వస్తుంది? పోటీ ఎంత? ఎలాంటివారిని ఎంచుకుంటారు?
— పలువురు పాఠకులు

జవాబు: ప్రకటన సాధారణంగా జనవరిలో, దీవిలోని కాఫీ దుకాణం, అద్దె ఇళ్లు నడిపేవారి నుంచి వస్తుంది. 2020లో ఆ ప్రకటన ప్రపంచమంతా తిరిగి, 80 వేలకు పైగా దరఖాస్తులు వచ్చినట్టు పత్రికలు రాశాయి. ప్రకటన వెలువడిన కొద్ది రోజులలోనే గడువు ముగియవచ్చు కనుక రాసుకున్నది ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

వారికి కావలసింది ఇద్దరు: భార్యాభర్తలు కావచ్చు, స్నేహితులు కావచ్చు. కాబట్టి విడివిడిగా రెండు బయోడేటాలు జతచేసి పంపితే లాభం లేదు. ఇదివరకు మీరిద్దరూ కలిసి ఏ పని చేశారు, పని ఒత్తిడిలో ఎవరు ఏది చూసుకున్నారు అన్నది రాయాలి. హోటలులో, క్యాంటీనులో, పెళ్లి భోజనాల దగ్గర వడ్డనలో పనిచేసిన అనుభవం ఉంటే అది పట్టాల కంటే ముందు రాయండి. సూర్యాస్తమయాల మీద మీ ప్రేమను వర్ణించే పేరా ఉంటే కొట్టేయండి. మిగతా వేలమంది అదే రాస్తారు. ఇద్దరిలో వంట ఎవరు చేస్తారు, దుప్పట్ల మూట ఎవరు మోస్తారు, రోజంతా ఒకే గదిలో కలిసి పనిచేసి మాటామాటా వచ్చినప్పుడు ఏం చేస్తారు, ఈ మూడింటికీ ముందు మీలో మీరు జవాబు చెప్పుకుని, ఆ తరువాత దరఖాస్తు మొదలుపెట్టండి.